మేవ్ అంటే "మత్తెక్కించేది" అనేనా? ఒక ఐరిష్ ఆడపిల్ల పేరు మీద పంచాయితీ

గాల్వేలో_గోదారోడు

అందరికీ నమస్కారం. ఇంకో నెలన్నరలో మాకు పాప పుట్టబోతోంది. (ఇక్కడ ఐర్లాండ్‌లో స్కాన్‌లోనే చెప్పేస్తారు, నన్నెవరూ పోలీసులకి పట్టివ్వకండి.) మా ఆవిడకి ఒక ఐరిష్ పేరు మనసులో పడింది: మేవ్. ఎనిమిదేళ్ళుగా ఈ దేశం ఉప్పు తింటున్నాం, పిల్ల పుట్టేదీ ఇక్కడే, రేపు బళ్ళో టీచరు పేరుని ముక్కలు చెయ్యకుండా పిలవాలి కదా అని ఆవిడ వాదన. నాకూ వినడానికి బాగుంది.

ఇంతలో రాజమండ్రి నుంచి మా అమ్మ. మా మేనల్లుడి చేత ఫోన్లో వెతికించిందట, "మత్తెక్కించే ఆడది" అని వచ్చిందట. అంతే. "ఒరేయ్, లక్షణమైన పిల్లకి కల్లుముంత పేరు పెడతార్రా?" అని పొద్దున్నా సాయంత్రం అదే పాట.

నేనూ చూశాను. పిల్లల పేర్ల సైట్లు ఏది తెరిచినా అదే మాట, కామాలతో సహా. ఒకడు రాసింది పదిమంది ఎత్తి పోసుకున్నట్టుంది. ఆ అర్థం నిజమేనా, లేక ఎవరో ఎప్పుడో అన్నది అలా అతుక్కుపోయిందా? తెలిసినవాళ్ళు చెప్పండి. అమ్మకి చదివి వినిపించాలి, కాబట్టి కాస్త మర్యాదగా రాయండి.

తంగేడుపువ్వు

అన్నా, మంచి వార్త. అమ్మకు నా దండం చెప్పు. గని కల్లుముంత అంటే అంత కోపమెందుకు? మా దిక్కు బోనాలప్పుడు అమ్మవారికి సాక పోసేదే కల్లు. దేవతకు పోసింది పిల్ల పేరుల ఉంటే ఏమైతది?

ధాతువుల_దండకం

పేరు ముందు సరిగా పలకడం నేర్చుకుందాం, తర్వాత అర్థం.

ఐరిష్ పాత కథల్లో ఒక రాణి పేరిది. పాత ఐరిష్ రాతలో "మెద్బ్" అన్నట్టు కనిపిస్తుంది. పలకడం మాత్రం "మెద్వ్". అందులో "ద" మనది కాదు. నాలుక చివర పళ్ళ మధ్య ఆనించి గాలి వదలాలి. కాలం గడిచేకొద్దీ ఆ "ద" అరిగిపోయింది, దాని బదులు ముందున్న అచ్చు సాగింది, "మేవ్" మిగిలింది. రాతలో మాత్రం పాత హల్లుల్ని చాలాకాలం శిలాశాసనంలా అలాగే ఉంచారు. అందుకే ఐరిష్ పేరు చూసి పలకబోయినవాడు బొక్కబోర్లా పడతాడు.

ఇక అర్థం. "మెద్వ్" అన్నది పాత ఐరిష్‌లో మామూలు విశేషణం కూడా. పానీయం గురించి చెబితే "గట్టిది, మత్తిచ్చేది" అని. తేనెతో కాచిన మద్యాన్ని వాళ్ళు "మిద్" అనేవారు. పొరుగున వెల్ష్ భాషలో దీని తోబుట్టువు మాటకి "తాగి ఉన్న" అని అర్థం. వీటన్నిటి వెనకా ఉన్న మూలరూపాన్ని, రాతలో దొరకక పండితులు ఊహించి కట్టినదాన్ని, ముందు నక్షత్రం గుర్తు పెట్టి *మెధు అని రాస్తారు. అదే సంస్కృతంలో మధు, గ్రీకులో ద్రాక్షసారాకి మెథు, లిథువేనియన్‌లో తేనెకి మెదుస్, ఇంగ్లీషులో మీడ్. అంటే మన మధువు, మధురం, డాక్టరు చీటీలో మధుమేహం, అన్నీ ఈ పిల్లకి దూరపు చుట్టాలే.

కాబట్టి "మత్తెక్కించేది" అన్నది గాలిమాట కాదు. పాత ఐరిష్ వ్యాకరణం రాసిన థర్నైసన్ వంటి పెద్దలు దాన్ని ఒప్పుకున్నారు. ఒక్క చిక్కు. ఐరిష్ మాటని బట్టి చూస్తే "మత్తిచ్చేది", వెల్ష్ మాటని బట్టి చూస్తే "మత్తులో ఉన్నది". పోసేదా, తాగినదా? అది వ్యాకరణం ఒక్కటే తేల్చదు.

గాల్వేలో_గోదారోడు

మాస్టారూ, ఆ చివరి పేరా అమ్మకి వినిపించను.

ఉప్పుకారం

దండకం గారు ఎప్పట్లాగే బాగా చెప్పారు, ఎప్పట్లాగే ఒకటి దాటేశారు.

కెల్టిక్ భాషల్లో (ఐరిష్, వెల్ష్ వగైరా) మొదట్లోనే "ద", "ధ" కలిసిపోయాయి. సంస్కృతంలో ఆ తేడా నిలిచింది కాబట్టి మధు అనగానే మనకి అనుమానం రాదు. ఐరిష్ "మెద్" ముందు నిలబడితే అది *మెధు కూతురో, *మెద్ కూతురో ముఖం చూసి చెప్పలేం. ఆ రెండో *మెద్ కూడా పెద్ద కుటుంబమే. అర్థం "కొలవడం, తూచడం, తీర్పు చెప్పడం, అదుపులో పెట్టడం". లాటిన్‌లో కొలతకి మోదుస్ అందులోంచే. పాత ఐరిష్‌లోనే "మిదిథిర్" అనే క్రియ ఉంది: "కొలుస్తాడు, తీర్పునిస్తాడు" అని.

అలా చూస్తే *మెద్వా అంటే "ఏలేది", "తీర్పరి". ఇప్పుడు చెప్పండి, రాణికి ఏలిక అని పేరుండటం సహజమా, మత్తు అని ఉండటమా? ఈ దారి చూపించిన పండితులూ ఉన్నారు. కానీ పేర్ల సైట్లకి అది పనికిరాదు. "తీర్పరి" అంటే ఎవడు క్లిక్ చేస్తాడు?

ధాతువుల_దండకం

దాటెయ్యలేదు, దాచుకున్నాను. మీరు రావడం తెలుసు కాబట్టి.

రూపం రెండింటికీ కుదురుతుంది, ఒప్పుకుంటాను. కానీ "మెద్వ్" అనే విశేషణం ఐరిష్‌లో మత్తు అర్థంలో వాడుకలో ఉంది. "ఏలే" అనే అర్థంలో అదే రూపం ఎక్కడుంది? చేతిలో ఉన్న మాటని వదిలి ఊహలో ఉన్న మాటని పట్టుకోవడం ఎందుకు?

ఉప్పుకారం

ఎందుకంటే పేరు వేరు, విశేషణం వేరు. తెలుగులో "పుల్లయ్య" అని పేరుంది, "పుల్లని" అని విశేషణం ఉంది. వెయ్యేళ్ళ తర్వాత ఒక జర్మన్ ప్రొఫెసరు వచ్చి "పుల్లయ్య అంటే పుల్లగా ఉండే పెద్దమనిషి" అని తేలిస్తే మీరు ఒప్పుకుంటారా?

తంగేడుపువ్వు

😂 మా పుల్లయ్య మామ నిజంగ పుల్లగనే ఉంటడు గని.

పాతరాతియుగం

పదేళ్ళుగా సెలవు దొరికితే ఐర్లాండ్‌లో గుట్టలూ గుహలూ తిరగడమే నా పని. మీ ఇద్దరి మధ్య ఒక రాయి పెడతాను, దాని మీద కొట్టుకోండి.

రోస్‌కామన్ కౌంటీలో టల్స్క్ అనే చిన్న ఊరుంది. దాని పక్కనే రాత్‌క్రోహన్. మేవ్ రాణి రాజధాని "క్రూహన్" అని కథలు చెప్పేది ఈ చోటే. చూస్తే పచ్చిక మేసే గొర్రెలు, పెద్ద మట్టి దిబ్బ, చుట్టూ చిన్న దిబ్బలు. కోటలు, బురుజులు ఊహించుకుని వెళితే నిరాశే. అక్కడ ఒక గుహ ఉంది, "పిల్లుల గుహ" అంటారు. లోపలికి పాక్కుంటూ వెళ్ళాలి, బయటికి వచ్చాక బట్టలు ఉతికినా మట్టి పోదు. గుమ్మం పైన అడ్డంగా వేసిన రాతి మీద ఓగమ్ లిపిలో శాసనం ఉంది. ఓగమ్ అంటే రాతి అంచున గీతలు గీసి అక్షరాలు రాసే పద్ధతి, సుమారుగా 4వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం దాకా నడిచింది.

ఆ గీతల్లో ఉన్నది: "వ్రాయికి మకి మెద్వి". అంటే "మెద్వ్ కొడుకైన ఫ్రేహ్‌ది".

ఇప్పుడు దండకం గారికి ప్రశ్న. "మెద్వి" ఏ లింగం?

ధాతువుల_దండకం

...పుంలింగం. షష్ఠి. స్త్రీ పేరైతే ఆ భాషలో చివర "యాస్" లాంటిది రావాలి. మీరు నన్ను గుమ్మంలోనే పడగొట్టారు.

తంగేడుపువ్వు

ఆగుండ్రి. అంటే మేవ్ మొగోని పేరా??

పాతరాతియుగం

ఆ రాతి మీద మాత్రం అంతే. ఈ శాసనం చూపించి "ఇదిగో మేవ్ రాణి పేరు" అని పర్యాటకులకి చెబుతారు. కానీ వ్యాకరణం ప్రకారం అక్కడున్నది ఎవరో మగాడు, ఫ్రేహ్ అనేవాడి తండ్రి. కథల్లో ఫ్రేహ్ అనే వీరుడు ఉన్నాడు, మేవ్ కూతురు ఫిన్నవర్‌ని పెళ్ళాడదామని క్రూహన్‌కే వస్తాడు. కథలో వాడు మేవ్ కొడుకు కాదు, అల్లుడు కావాలనుకున్నవాడు. రాతి మీది ఫ్రేహ్, కథలోని ఫ్రేహ్ ఒకడేనని నేననను. పేరు ఆ నేలలో పాతది, ఆడా మగా ఇద్దరికీ చెల్లింది. అంతవరకే నా వాదన.

అలాంటప్పుడు "మత్తెక్కించే ఆడది" అన్నప్పుడు మన కళ్ళ ముందు ఆడే బొమ్మ, ఆ ఓరచూపూ జారిన పైటా, అది ఎక్కడిది? ఒక తండ్రి పేరుకి ఆ అర్థం చెబుతారా? మగాడి పేరైతే "మధువంత బలమైనవాడు" అనో, "విందుల ప్రభువు" అనో మర్యాదగా తర్జుమా చేసేవాళ్ళు కాదూ?

గాల్వేలో_గోదారోడు

ఇది బాగుంది. ఇది అమ్మకి చెప్తాను. కానీ అసలు ఆ రాణి కథ ఏమిటి? ఇక్కడ ఆఫీసులో అడిగితే "ఎద్దు కోసం యుద్ధం చేసింది" అని నవ్వి ఊరుకున్నారు.

చల్లకవ్వం

ఆ కథ నేను చెప్తాను. ఇప్పటిదాకా అందరూ పేరు తోలు ఒలిచారు గానీ మనిషిని పలకరించలేదు.

మన దగ్గర ఉత్తర గోగ్రహణం ఉంది కదా, పశువుల మంద కోసం కౌరవులు విరాటుడి మీద పడటం. ఐరిష్ వాళ్ళ పెద్ద వీరగాథ మొత్తం గోగ్రహణమే. పేరు "తాన్". కూలీ అనే ప్రాంతంలోని గోధుమరంగు ఆబోతు కోసం మేవ్ సైన్యం నడిపిస్తుంది. (కూలీ అంటే ఆ ప్రాంతం పేరు, కూలిపని కాదు.)

మొదలు ఎక్కడంటే పడకగదిలో. 12వ శతాబ్దపు లెన్‌స్టర్ గ్రంథంలో ఉన్న పాఠం ఇలా ఎత్తుకుంటుంది. మొగుడు ఆలిల్ అంటాడు, "నన్ను కట్టుకున్నాక నీ బతుకు బాగుపడింది" అని. ఎంతమంది మొగుళ్ళు అనలేదీ మాట! మేవ్ ఊరుకోదు. నేను వచ్చినప్పుడే నాకుంది అంటుంది. సరే, తేల్చుకుందాం అని ఇద్దరూ ఆస్తులు బయట పెట్టిస్తారు. బిందెలు, ఉంగరాలు, బట్టలు, గొర్రెలు, గుర్రాలు, పందులు, అన్నీ సమానం. ఒక్క ఆబోతు తేడా వచ్చింది. తెల్ల కొమ్ముల ఆబోతు, పుట్టింది మేవ్ మందలోనే, కానీ ఆడదాని సొత్తుగా ఉండటం నామోషీ అనుకుని ఆలిల్ మందలోకి వెళ్ళిపోయింది. ఎద్దుకి కూడా అహం! దానికి దీటైన ఎద్దు కూలీలో ఉందని తెలిసి మేవ్ బయల్దేరింది.

ఇది ఊసుపోక చెప్పిన సంగతి కాదు. పాత ఐరిష్ ధర్మశాస్త్రాల్లో పెళ్ళిళ్ళకి రకాలున్నాయి: ఇద్దరూ సమానంగా ఆస్తి తెచ్చినది, మగాడి ఆస్తి మీద నడిచేది, ఆడదాని ఆస్తి మీద నడిచేది అని. ఏ రకమైతే దాన్ని బట్టి ఇంట్లో ఎవరి మాట చెల్లాలన్నది మారుతుంది. ఆ ఒక్క ఎద్దు తేడా వస్తే మేవ్ కొంపలో రెండో మనిషి అయిపోతుంది. ఎద్దు కాదండీ గొడవ, ఇంటి పెత్తనం.

ఆమె పెళ్ళికి ముందు పెట్టిన షరతు కూడా వినండి. మొగుడికి మూడు ఉండకూడదు: పిసినారితనం, పిరికితనం, అసూయ. మూడోది ఎందుకంటే, తనకి ఒకరి నీడలో ఇంకొకరు లేకుండా ఎప్పుడూ లేదని తనే చెబుతుంది. ఇక్కడే మీ అమ్మగారు లేచి వెళ్ళిపోతారనుకుంటా.

రాసినవాళ్ళు మఠాల్లో చదువుకున్న క్రైస్తవులు. ఈవిడని వాళ్ళు భరించలేకపోయారు. చివర్లో సైన్యం ఓడి తిరిగొస్తుంటే, ఆడ గుర్రం వెనక నడిచిన మందకి దారి తప్పక ఏమవుతుందని ఆమె పక్షాన పోరాడిన ఫెర్గస్ అనే వీరుడి చేత దెప్పించారు. మనకి కొత్తేమీ కాదు, పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మని ఎలా చూపించారో గుర్తుంది కదా. మంత్రాంగం చేసిన మగాడు బ్రహ్మనాయుడైతే మహానుభావుడు, అదే పని చేసిన ఆడది కుట్రదారు.

ఉప్పుకారం

ఆ లెన్‌స్టర్ గ్రంథంలోనే తమాషా ఉంది. కథ చివర ఐరిష్‌లో, దీన్ని మార్చకుండా కంఠస్థం చేసినవాళ్ళకి ఆశీస్సు అని ఉంటుంది. దాని కిందే లాటిన్‌లో ఇంకో మాట: ఇది రాసిన నేను ఇందులో విషయాలు నమ్మను, కొన్ని దయ్యాల మాయ, కొన్ని కవుల కల్పన, కొన్ని మూర్ఖుల వినోదానికి రాసినవి అని. ఫలశ్రుతి పక్కనే చీవాట్లు అన్నమాట. ఇలాంటి చేతుల మీదుగా వచ్చిన మేవ్‌ని చూసి పేరుకి అర్థం చెప్పకూడదు.

తంగేడుపువ్వు

నాకు ఈమె మస్తు నచ్చింది.

రెండోకాఫీ

షేక్‌స్పియర్ నాటకంలో కలలు తెచ్చే మాబ్ రాణి కూడా ఈవిడే అని ఎక్కడో చదివాను?

ఉప్పుకారం

రెండు పేర్లూ "మ" తో మొదలయ్యాయి, ఇద్దరూ రాణులు. అంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనిపించలేదు. మాబ్ ఆవగింజంత మనిషి, ఈవిడ సైన్యాలు నడిపింది.

వేదిక నిర్వహణ

మాబ్ చర్చ వేరే దారంలో పెట్టుకోండి. ఇక్కడ మేవ్.

ధాతువుల_దండకం

చల్లకవ్వం గారు కథ చెప్పారు కాబట్టి ఇప్పుడు నేను మళ్ళీ మధువు దగ్గరికి రావచ్చు. గుహ రాయి నన్ను పడగొట్టింది గానీ చంపలేదు.

"మత్తు" అన్న మాటకి ఈ కాలపు వాసన వదిలించుకుని చూడాలి. ఐరిష్ కథల్లో రాజు కావడమంటే ఆ నేలని పెళ్ళాడటం. వాళ్ళ మాటల్లోనే "రాజ్యపు పెళ్ళివిందు". నేల ఒక స్త్రీ. ఆమె పాత్రలో పానీయం పోసి ఇస్తుంది, తాగినవాడు రాజు. వంద పోరాటాల కాన్ అనే రాజుకి ఒక దర్శనం కలుగుతుంది. బంగారు కిరీటంతో ఒక అమ్మాయి కూర్చుని, ఎర్రటి మద్యం ఎవరికి పోయాలని అడుగుతూ వరసగా రాబోయే రాజుల పేర్లు వింటుంది. ఆ అమ్మాయి పేరు "ఐర్లాండ్ రాజ్యాధికారం". ఆ భాషలో రాజ్యాధికారానికి మాట "ఫ్లథ్", మద్యానికి మాట "లథ్". కవులు ఆ రెంటితో శ్లేష ఆడుకున్నారు. మన రాజులకి అభిషేకం తలమీద, వాళ్ళకి గొంతులో.

ఇంకో మేవ్ కూడా ఉంది, లెన్‌స్టర్‌కి చెందిన మేవ్ లెథ్‌దెర్గ్. తారా అనే కొండ మీది రాజపీఠం ఎక్కిన రాజులకి వరసగా భార్య. కార్మాక్ అనే గొప్ప రాజు కూడా ఆమెతో కాపురం చేసేదాకా తారాకి రాజు కాలేకపోయాడని చెప్పుకుంటారు. తారా దగ్గర ఒక మట్టికోట ఇప్పటికీ ఆమె పేరు మీదే ఉంది. రెండు ప్రాంతాలు, ఇద్దరు మేవ్‌లు, ఇద్దరికీ రాజులు వరస కట్టడం. 1928లో తోమాస్ ఓ మాల్యే అనే పండితుడు క్రూహన్ మేవ్ మామూలు రాణి కాదు, రాజ్యాధికార దేవత అని రాసింది ఇలాంటివన్నీ చూసే.

కాబట్టి పేరు మధువులోంచి వచ్చినా అది పానశాల మధువు కాదు, పట్టాభిషేకపు మధువు. మన పెళ్ళిలో వరుడికి మధుపర్కం ఇస్తాం. తేనె, పెరుగు కలిపి. ఇప్పుడు ఆ మాట పెళ్ళిబట్టలకి మిగిలిపోయింది గానీ, పాత గృహ్యసూత్రాల్లో అది ఇంటికొచ్చిన రాజుకీ ఆచార్యుడికీ అల్లుడికీ ఇచ్చే గౌరవం. దానిలో ఎవరికీ మత్తు కనిపించలేదు కదా?

రెండోకాఫీ

అశ్వమేధంలో "మేధ" కూడా మధువేనా? ఐరిష్‌లో కూడా గుర్రం బలి ఇచ్చి రాజుని చేసేవారట.

ధాతువుల_దండకం

మేధ వేరు, మధు వేరు. "ఏ" చూడండి, "అ" చూడండి. రెంటినీ ముడిపెట్టిన వాదం ఉంది, గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్) "ఎపోమెదువోస్" అనే పేరుని పట్టుకుని చేసినది. దాన్ని ఇక్కడ తెరిస్తే నిర్వాహకులు నన్ను తెరుస్తారు.

చల్లకవ్వం

మధువు అన్నారు కాబట్టి అసలు చుట్టం సంగతి నేను ఎత్తుతాను. మాధవి.

మహాభారతం ఉద్యోగపర్వంలో గాలవుడి కథ. విశ్వామిత్రుడికి గురుదక్షిణగా ఒక చెవి నల్లగా ఉన్న తెల్లగుర్రాలు 800 కావాలి. గాలవుడి దగ్గర లేవు, యయాతి దగ్గరా లేవు. యయాతి తన కూతురు మాధవిని ఇచ్చాడు. గాలవుడు ఆమెని ముగ్గురు రాజుల దగ్గరికి తిప్పాడు. హర్యశ్వుడు, దివోదాసుడు, ఉశీనరుడు. ఒక్కొక్కరూ ఒక కొడుకుని కని 200 గుర్రాలు ఇచ్చారు. మిగిలిన 200 దొరక్క చివరికి విశ్వామిత్రుడికే ఆమెని అప్పజెప్పాడు. ఆ నలుగురు మనవళ్ళే స్వర్గం నుంచి జారిపడిన యయాతిని తమ పుణ్యం పోసి నిలబెట్టారు.

ఫ్రాన్స్‌లో జార్జ్ ద్యుమెజిల్ అనే పండితుడు 1971లో ఈ మాధవినీ మేవ్‌నీ పక్కపక్కన పెట్టాడు. పేర్లు ఒకే మూలం, ఇద్దరి తండ్రులూ పెద్ద రాజులు, ఇద్దరి తండ్రులకీ కొడుకులతో పేచీ, ఇద్దరూ వరసగా రాజులకి భార్యలు. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

కానీ నాకు ఆ పోలిక దగ్గర కాదు, తేడా దగ్గర ఆగాలనిపిస్తుంది. మాధవిని గుర్రాల లెక్కలో మార్చుకున్నారు. ఆమెని ఎవరూ అడగలేదు. మేవ్ మొగుళ్ళకే షరతులు పెట్టింది, ఆలిల్‌కి తనే కట్నం ఇచ్చింది, ఆస్తి లెక్క తనే చూసింది. మాధవి చివరికి స్వయంవరం పెడితే అడవిని వరించి వెళ్ళిపోయింది, ఆడజింకలా గడ్డి మేసి బతికింది. ఎవరికి తగిలిన గాయం ఎవరి పేరులో ఉందో చూడండి. అయినా మన వీధికో మాధవి ఉంటుంది. మాధవి అనగానే ఆ గుర్రాలు ఎవరికీ గుర్తు రావు, పందిరి మీద పాకిన తీగె గుర్తొస్తుంది. గోదారోడు గారి అమ్మగారి పేటలో ఎంతమంది మాధవులున్నారో అడగండి.

ఉప్పుకారం

కవ్వం అక్కా, తేడా గురించి మీరన్నదానికి వంద దండాలు. పోలిక మీద మాత్రం నాకు నమ్మకం లేదు. మధు అంటే చైత్రమాసం కూడా, మధు అనే వంశకర్త కూడా ఉన్నాడు. మాధవి "వసంతపు పిల్ల" కావచ్చు, "మధువంశపు పిల్ల" కావచ్చు. రెండు కథల్లో నలుగురు మొగుళ్ళు కనిపించగానే ఒకే అమ్మమ్మ చెప్పింది అనేస్తే ద్రౌపదికీ బంధుత్వం కలపాల్సొస్తుంది.

తంగేడుపువ్వు

మరి మదాలస? ఆమె పేరుల మత్తే గదా ఉన్నది. అయినా పిల్లలకు జోలపాటల వేదాంతం చెప్పిన తల్లి అని మొక్కుతరు.

ధాతువుల_దండకం

మదం వేరే ధాతువు అమ్మా, మధువుతో చుట్టరికం లేదు. కానీ వాదనకి మాత్రం అది నిలబడుతుంది. మదాలస అంటే "మత్తుతో అలసినది" అనే. ఎవరి అమ్మా అభ్యంతరం చెప్పలేదు.

పాతరాతియుగం

రెండు మాటలు చెప్పి వెళ్తాను, రేపు పొద్దున్నే బస్సు.

స్లైగో ఊరి పక్కన నాక్నరే కొండ ఉంది, 327 మీటర్లు. పైన రాళ్ళు పేర్చిన పెద్ద గుట్ట, సుమారు 55 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు. "మేవ్ సమాధి" అంటారు. నిలబడి శత్రువుల వైపు చూస్తూ ఉన్నట్టే పాతిపెట్టారని స్థానికులు చెబుతారు. ఆ గుట్ట వయసు 5,000 ఏళ్ళు. మేవ్ కథ జరిగిందని చెప్పుకునే కాలం క్రీస్తు శకం మొదలయ్యే రోజులు. 3,000 ఏళ్ళ తేడా. ఇంతవరకు తవ్వలేదు. అంటే పేరే ముందు కొండెక్కింది, మనిషి కాదు.

రెండోది, 1977లో ఈ దేశం కొత్త ఒక పౌండు నోటు తెచ్చినప్పుడు దాని మీద వేసింది మేవ్ బొమ్మే. మీ అమ్మగారికి ఇది చెప్పండి. కల్లుముంతని ఎవరూ నోటు మీద అచ్చు వెయ్యరు.

గాల్వేలో_గోదారోడు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న ఆదివారం కూర్చుని అమ్మకి మొత్తం వినిపించాను. నోటు సంగతికి మెత్తబడింది. మాధవి దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్లని నలుగురికీ తిప్పారని నాకు తెలీదురా" అంది. మధుపర్కం మాటకి తలూపింది. "తీర్పరి" అన్నది బాగా నచ్చింది, ఉప్పుకారం గారు గెలిచారు, కనీసం మా ఇంట్లో.

ఆ మేవ్ రాణి ఎలా చచ్చిపోయిందిరా అని అడిగింది. అది నాకు తెలీదు.

చల్లకవ్వం

అయ్యో, అది చెప్పకపోతే కథ పూర్తి కాదు. మేవ్ తన తోడబుట్టిన క్లోథ్రూని చంపింది. కడుపు కోసి తీసిన బిడ్డ ఫుర్బైదె పెద్దవాడయ్యాడు. రీ సరస్సు మధ్య ఒక దీవిలో మేవ్ రోజూ పొద్దున్నే స్నానం చేసేది. వాడు ఒడ్డు నుంచి ఆ చోటికి తాడు పట్టి దూరం కొలిచాడు. అంత దూరంలో గుంజ పాతి, మీద ఆపిల్ పండు పెట్టి, వడిసెలతో గురి తప్పనిదాకా సాధన చేశాడు. ఒకరోజు ఆమె కనిపించేసరికి చేతిలో రాయి లేదు. తింటున్న గట్టి చీజ్ ముక్కనే వడిసెలలో పెట్టి విసిరాడు. నుదుటికి తగిలి ఆమె ప్రాణం పోయింది.

తంగేడుపువ్వు

జున్నుతోటా??

చల్లకవ్వం

జున్ను అనకండి, జున్ను తగిలితే ఎవరూ చావరు. ఎండబెట్టిన చీజ్, రాయిలా ఉంటుంది.

తంగేడుపువ్వు

ఇంకోటి అన్నా. పాత తెలుగుల "మేవు" అంటే పశువుల మేత. మందల కోసం యుద్ధం జేసిన రాణికి ఆ పేరు మనోళ్ళు పెట్టినా గంతే సక్కగ పెట్టేటోళ్ళు.

గాల్వేలో_గోదారోడు

ఆ మేత సంగతి మా ఆవిడకి చెప్పి రెండు రోజులుగా తిట్లు తింటున్నాను.

పేరు ఖాయం. ఇప్పుడు రాత దగ్గర ఆగాం. రాత సంస్కరించక ముందటి ఐరిష్ పద్ధతిలో ఏడక్షరాలు, సంస్కరించాక ఐదు, అందులో ఒకదాని నెత్తిన గీత. ఇంగ్లీషు వాళ్ళది ఐదు, గీత లేదు. నెత్తిన గీత ఉంటే రేపు ఓసీఐ (విదేశాల్లో ఉండే భారతీయులకిచ్చే) కార్డు దరఖాస్తులో ఏమవుతుందో అని భయం. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

చీజ్ సంగతి కూడా అమ్మకి చెప్పేశాను. కాసేపు ఆలోచించి, "పిల్ల పుట్టాక మీ ఫ్రిజ్‌లో అలాంటిది ఉంచకండి" అంది.